కాలి ధమనిలో బెలూన్: అదుపులో ఉంచాల్సిన చీలిక

కాలి రక్తనాళం సన్నబడితే బెలూన్ వేశారు అనగానే చాలామంది ఊహించుకునేది ఒకటే. లోపల పేరుకున్న కొవ్వును బెలూన్ గోడకేసి అదిమేస్తుంది, దారి వెడల్పవుతుంది అని. మొదట్లో వైద్యులూ అలాగే అనుకున్నారు. నిజానికి ఆ పూడిక పిండిముద్దలా అణగదు. బెలూన్ ఉబ్బినప్పుడు పూడిక పలచగా ఉన్న చోట పగులుతుంది, నాళం లోపలి పొర చీలుతుంది, ఆ చీలిక చాలాసార్లు నడిమి పొరదాకా దిగుతుంది, బయటి పొర సాగుతుంది. రక్తానికి దారి దొరికేది ఈ పగులు వల్లా, ఈ సాగుడు వల్లా. అంటే బెలూన్ యాంజియోప్లాస్టీ మనం కావాలని చేసే ఒక గాయం. ఎంత వెడల్పు బెలూన్, ఎంత ఒత్తిడి, ఎంతసేపు అన్న లెక్కలన్నీ ఆ గాయాన్ని ఉండాల్సిన లోతులో ఆపడానికే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో రేడియాలజిస్ట్ చార్లెస్ డాటర్ మొదటిసారి ఈ పని చేసినప్పుడు బెలూనే లేదు. 82 ఏళ్ల వృద్ధురాలు, తొడ ధమనిలో పూడిక, కుళ్లుతున్న పాదం. కాలు తీయించుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. డాటర్ పూడిక గుండా ఒక తీగ దాటించి, దాని మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన టెఫ్లాన్ గొట్టాలు జారించి దారి చేశారు. కాలు దక్కింది. కాకపోతే ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది: నాళం ఎంత వెడల్పు కావాలో, గొట్టం దూర్చే చోట అంత పెద్ద రంధ్రం పెట్టాలి. 1974లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ ఈ చిక్కు విప్పారు. ఆయన పీవీసీతో తయారు చేసిన బెలూన్ సన్నగా లోపలికి వెళ్లి, ముందే నిర్ణయించిన వెడల్పు దాకా ఉబ్బి అక్కడ ఆగుతుంది. మామూలు రబ్బరు బెలూన్ అయితే మెత్తని చోట బుడగలా ఉబ్బుతుంది, గట్టి పూడిక దగ్గర మాత్రం సన్నగానే మిగిలిపోతుంది. అంటే వద్దన్న చోట చీలుస్తుంది, కావాల్సిన చోట వదిలేస్తుంది. గుండె ధమనుల్లోకి 1977లో వెళ్లకముందే ఈ బెలూన్ కాళ్లలో పనిచేసింది.

ఎవరికి చేయాలన్న దగ్గరే మొదటి జాగ్రత్త. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేయడం, నిలబడితే తగ్గడం, ఇంతవరకే బాధ అయితే బెలూన్ మొదటి వైద్యం కాదు. పొగ మానాలి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వేసుకోవాలి, రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టాలి, పర్యవేక్షణలో నడవాలి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 30 నుంచి 45 నిమిషాలు, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడిచి, కనీసం 12 వారాలు. దీనితో చాలామందికి నడిచే దూరం బాగా పెరుగుతుంది. గుండె వైఫల్యం లేనివారికి సిలోస్టజోల్ అనే మాత్ర కూడా తోడవుతుంది. ఇవన్నీ చేసినా రోజువారీ పని సాగకపోతే అప్పుడు బెలూన్ మాట. అదే రాత్రిపూట పడుకుంటే పాదం మండిపోయి, కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే గానీ నిద్ర పట్టకపోతే, వేలి మీద పుండు వారాల తరబడి మానకపోతే, అక్కడ ఆలస్యం చేయకూడదు. కాలు పోయే ప్రమాదం మొదలైనట్టే.

చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఏబీఐ అంటారు. 0.9 లేదా అంతకంటే తక్కువ ఉంటే కాలి ధమనుల్లో అడ్డు ఉన్నట్టు. మధుమేహం, కిడ్నీ జబ్బు చాలాకాలంగా ఉన్నవారిలో మాత్రం ఈ సంఖ్య మోసం చేస్తుంది. ధమని గోడలో కాల్షియం నిండి, పట్టీ ఎంత బిగించినా నాళం మూసుకోదు, 1.4 దాటి చూపిస్తుంది, లేదంటే మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది. పుండు ఉన్న మధుమేహ రోగికి "ఏబీఐ నార్మల్" అని చెప్పి ఇంటికి పంపడం చాలా పెద్ద పొరపాటు. అలాంటివారికి బొటనవేలి ఒత్తిడి కొలవాలి. అది 30 మిల్లీమీటర్ల పాదరసం కంటే తక్కువ ఉంటే, పాదానికి రక్తప్రవాహం పెంచకుండా పుండు మానడం కష్టం.

ఇక పని దగ్గరికి వద్దాం. చర్మం మీద మత్తు సూది ఇచ్చి, సాధారణంగా గజ్జలోని ధమనిలోకి వెళ్తారు. సూది దిగాల్సిన చోటు తొడ ఎముక గుండ్రటి తలకు సరిగ్గా ఎదురుగా. వెనుక ఎముక ఉంటేనే తర్వాత వేలితో నొక్కి రక్తం ఆపగలం. సూది అంతకంటే పైకి దిగితే రక్తం పొట్ట వెనక భాగంలోకి కారుతుంది, బయటికి ఏమీ కనిపించదు, మనిషి మాత్రం కూలబడతాడు. మరీ కిందికి దిగితే ధమని పక్కన రక్తంతో నిండిన సంచి తయారవుతుంది, దాన్నే సూడోఎన్యూరిజం అంటారు. అల్ట్రాసౌండ్‌లో సూది కొన చూస్తూ గుచ్చితే ఈ రెండూ బాగా తగ్గుతాయి. పరికరం చేతికందేంత దూరంలో ఉండి కూడా వేలి స్పర్శ మీదే ఆధారపడటానికి ఇప్పుడు కారణమేమీ లేదని నా అభిప్రాయం.

ఏ వైపు గజ్జ అన్నది పూడిక ఉన్న చోటును బట్టి. నడుము దగ్గరి ఇలియాక్ ధమనికి సాధారణంగా అదే వైపు గజ్జలోంచి పైకి వెళ్తారు. తొడలో ఉంటే రెండో కాలి గజ్జలోంచి ఎక్కి, మహాధమని చీలే చోట మలుపు తిరిగి ఇవతలి కాల్లోకి దిగుతారు, దీనికి 45 సెంటీమీటర్ల పొడవాటి షీత్, అంటే పరికరాలు లోపలికి పంపే గొట్టం కావాలి. మోకాలి కింది సన్నని నాళాలకు అదే కాలి గజ్జలోంచి కిందివైపు గుచ్చితే వైర్ (దారి చేసే తీగ) మీద చేతి పట్టు చాలా బాగుంటుంది. మలుపు తిరిగి వచ్చిన వైర్‌కు తోసే బలం సగం దారిలోనే పోతుంది. షీత్ ఎక్కువగా 5 లేదా 6 ఫ్రెంచ్ సైజు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. షీత్ పెట్టగానే శరీర బరువు కిలోకు 70 నుంచి 100 యూనిట్ల హెపారిన్ ఇస్తారు, ఇది రక్తం గడ్డకట్టనివ్వని మందు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏసీటీ 250 సెకన్ల దగ్గర ఉంటే, లోపల వస్తువులు తిరుగుతున్నంతసేపూ రక్తం గడ్డకట్టదు.

అసలు కష్టం పూడికను వైర్‌తో దాటడంలో ఉంది. బెలూన్ ఉబ్బించడానికి కొన్ని నిమిషాలు పడితే, దాటడానికి గంట పట్టిన సందర్భాలు ఉంటాయి. తొడలో 0.035 లేదా 0.018 అంగుళాల జారుడు పూత వైర్, మోకాలి కింద 0.014 అంగుళాల వైర్, దాని వెనక ఊతంగా ఒక సన్నని గొట్టం, అంటే క్యాథెటర్. వైర్‌ను వేళ్ల మధ్య తిప్పుతున్నప్పుడు ఎక్స్-రే స్క్రీన్ మీద కొన కూడా అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతుంటే అసలు దారిలో ఉన్నట్టు. కొన తిరగక, వైర్ వెనక్కి మడిచిన ఉంగరంలా తయారైతే అది గోడ పొరల మధ్యకు దిగినట్టు. పూర్తిగా మూసుకుపోయిన నాళంలో ఈ రెండో దారిని కావాలనే వాడతారు. 1980ల చివర్లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అమన్ బోలియా మొదలుపెట్టిన సబ్‌ఇంటిమల్ పద్ధతి ఇదే: పొరల మధ్యగా పూడికను చుట్టేసి, అది దాటాక మళ్లీ అసలు దారిలోకి రావడం. ఉంగరం చిన్నదిగా ఉండాలి. అది వెడల్పయితే నాళాన్ని చింపేస్తుంది. పూడిక ముగిసిన వెంటనే లోపలికి తిరిగి రావాలి. రాలేక కిందికి కిందికి పోతే ఆరోగ్యంగా ఉన్న నాళమూ, దానికి ఆసరాగా పుట్టిన చిన్న కొమ్మలూ పాడవుతాయి, రేపు బైపాస్ కుట్టాల్సిన చోటు కూడా పోతుంది. ఎంత ప్రయత్నించినా పైనుంచి దారి దొరకకపోతే పాదం దగ్గరి ధమనిని సన్నని 21 గేజ్ సూదితో గుచ్చి కిందినుంచి పైకి వెళ్లి కలుపుతారు.

వైర్ దాటింది అనుకోగానే బెలూన్ తీయకూడదు. క్యాథెటర్‌ను పూడిక అవతలికి తోసి, వైర్ తీసి, సిరంజితో వెనక్కి లాగి చూడాలి. రక్తం ధారాళంగా వస్తే, ఎక్స్-రేలో కనిపించే డై ఒకటి రెండు మిల్లీలీటర్లు వేస్తే అది చకచకా కిందికి జారిపోతే, అప్పుడే అసలు దారిలో ఉన్నట్టు. డై ఒకచోట మరకలా నిలిచిపోతే గోడలో ఉన్నట్టు. ఈ పరీక్షకు పట్టేది అర నిమిషం. దాన్ని వదిలేసి బెలూన్ ఉబ్బిస్తే నాళం బయటే ఉబ్బించిన సందర్భం కావచ్చు.

బెలూన్ కొలత పక్కనే ఉన్న ఆరోగ్యకరమైన భాగాన్ని బట్టి, ఒకటికి ఒకటి. మామూలుగా కామన్ ఇలియాక్‌లో (ఇలియాక్ పైభాగం) 7 నుంచి 10 మిల్లీమీటర్లు, ఎక్స్‌టర్నల్ ఇలియాక్‌లో (గజ్జ వైపు భాగం) 6 నుంచి 8, తొడలో 5 లేదా 6, మోకాలి వెనక 4 లేదా 5, పిక్కలో 2.5 నుంచి 3.5, పాదంలో 2 అటూఇటూ. పిక్క నాళాలకు ఎక్కువమంది చిన్న బెలూన్ వేసి తప్పు చేస్తారు. అక్కడ నాళం పొడవునా జబ్బు ఉంటుంది కాబట్టి పోల్చుకోవడానికి ఆరోగ్యమైన ముక్కే కనిపించదు, ఉన్నదానికంటే సన్నదనిపిస్తుంది. నాళం లోపలినుంచి చూసే అల్ట్రాసౌండ్ వాడితే కొలత పెరగడం తరచూ చూస్తాం. పొడవు విషయంలో నా మాట: 15 సెంటీమీటర్ల పూడికకు 4 సెంటీమీటర్ల బెలూన్‌ను నాలుగుసార్లు జరిపి ఉబ్బించడం కంటే పొడవాటి బెలూన్‌ను ఒక్కసారి ఉబ్బించడం మేలు. బెలూన్ అంచు ఆగిన ప్రతిచోటా ఒక కొత్త చీలిక మొదలవుతుంది.

బెలూన్ సిద్ధం చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఇందులోనే తప్పులు జరుగుతాయి. బెలూన్‌ను నింపే డైలో అంతే సెలైన్ కలపాలి. చిక్కని డై పొడవాటి సన్నని గొట్టంలోంచి వెనక్కి రాదు, బెలూన్ ముడుచుకోదు. సిరంజితో వెనక్కి లాగి గాలి తీసేయాలి. ఒత్తిడి పెట్టే పరికరంతో నెమ్మదిగా, కొన్ని సెకన్లకు ఒక అట్మాస్ఫియర్ (ఒత్తిడి కొలమానం) చొప్పున పెంచాలి. పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి. మొదటిది నామినల్, బెలూన్ తన మీద రాసి ఉన్న వెడల్పుకు వచ్చే ఒత్తిడి, సాధారణంగా 6 నుంచి 10 మధ్య. రెండోది రేటెడ్ బర్స్ట్, అది దాటితే పగిలే అవకాశం ఉన్న హద్దు. పగిలినా పొడవునా చీలితే పెద్ద నష్టం లేదు. అడ్డంగా తెగితేనే ముక్క లోపల ఉండిపోయే భయం.

ఉబ్బుతున్నప్పుడు స్క్రీన్ మీదనుంచి కన్ను తిప్పకూడదు. మొదట బెలూన్ రెండు కొసలూ నిండి, పూడిక ఉన్న చోట నడుము బిగించినట్టు సన్నగా ఉంటుంది. మూడు అట్మాస్ఫియర్ల దగ్గర ఆ నొక్కు అలాగే ఉంటుంది. నాలుగు, ఐదు... ఒక్కసారిగా అంచులు వెనక్కి తగ్గి బెలూన్ నున్నగా సాగుతుంది. పూడిక పగిలిన క్షణం అదే. అప్పుడు ఒత్తిడి పరికరంలో సూచిక కాస్త పడిపోతుంది కూడా. నొక్కు పోయాక ఇంకా ఒత్తిడి పెంచడం అనవసరం. పోకపోతే, 12, 14 దాటినా అలాగే ఉంటే, అది కాల్షియం. అక్కడ మొండిగా పెంచకుండా పద్ధతి మార్చాలి: గీతలు పెట్టే స్కోరింగ్ బెలూన్, లేదా 4 అట్మాస్ఫియర్ల దగ్గర ఆగి ధ్వని తరంగాలతో కాల్షియాన్ని పగులగొట్టే లిథోట్రిప్సీ బెలూన్, లేదా పూడికను చెక్కి తీసే అథెరెక్టమీ.

నున్నగా సాగిన బెలూన్‌ను వెంటనే దించేయకూడదు. 2 నుంచి 3 నిమిషాలు అలాగే ఉంచాలి. ఆ సమయంలో చిరిగిన పొరలు గోడకు అతుక్కుంటాయి, గోడ వెనక్కి ముడుచుకోవడమూ తగ్గుతుంది. ముప్పై సెకన్లకే దించేసి, తర్వాత చీలిక కనిపించిందని స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) పెట్టడం కంటే గడియారం చూస్తూ ఇంకో రెండు నిమిషాలు నిలబడటం ఎంతో మేలు. రోగి మెలకువగా ఉంటాడు, ఆయన మాటా వినాలి. ఉబ్బుతున్నప్పుడు బిగపట్టినట్టు ఉంది అంటే ఫర్వాలేదు, బయటి పొర సాగుతోంది. ఒక్కసారి గట్టిగా నొప్పి అన్నాడంటే, ముఖ్యంగా ఇలియాక్‌లో, ఆగిపోవాలి, నాళం చిట్లబోతోందని శరీరం చెబుతోంది. దించేటప్పుడు పొడవాటి బెలూన్ పూర్తిగా ముడుచుకోవడానికి అర నిమిషం దాకా పట్టవచ్చు. లోపలి ద్రవం సగమే తీసి లాగితే అంచు చీలిన పొరలో తగులుకుంటుంది, లేదా షీత్ నోట్లో ఇరుక్కుంటుంది.

బెలూన్ బయటికి తీసినా వైర్ తీయకూడదు. ఆఖరి ఫొటో చూసి, పాదం దాకా రక్తం చేరిందని నిర్ధారించుకునేదాకా వైర్ లోపలే ఉండాలి. దాని మీదే అన్ని దిద్దుబాట్లూ ఆధారపడి ఉన్నాయి. ఫొటోలో మిగిలిన ఇరుకు 30 శాతం లోపు ఉంటే సరిపోతుంది. చిన్న చీలిక గీతలు కనిపించడం సహజం, మనం చేసింది అదే కదా. ప్రవాహాన్ని ఆపుతున్న చీలిక ఉంటే అదే బెలూన్‌ను తక్కువ ఒత్తిడితో 3 నుంచి 5 నిమిషాలు మళ్లీ ఉంచాలి. చాలాసార్లు అతుక్కుంటుంది. అప్పటికీ కుదరకపోతేనే స్టెంట్. మోకాలి వెనక మడత పడే చోటా, గజ్జలోని ధమనిలోనూ స్టెంట్ పెట్టడానికి వెనకాడాలి. రోజూ వంగే చోట లోహం విరుగుతుంది. గజ్జలో పూడికకు చిన్న శస్త్రచికిత్సతో గీకి తీయడమే ఎక్కువకాలం నిలుస్తుంది.

తప్పులు ఇంకెన్ని రకాలు? నాళం ముడుచుకుపోతే నైట్రోగ్లిసరిన్ 100 నుంచి 200 మైక్రోగ్రాములు నేరుగా లోపలికి ఇస్తే విడుస్తుంది. ముడుచుకోవడాన్ని గడ్డగా పొరబడితే మందు ఇవ్వాల్సిన చోట పరికరాలు దూరుస్తాం. చిన్న ముక్క కిందికి జారి పాదం నాళానికి అడ్డం పడితే సన్నని క్యాథెటర్‌తో పీల్చి తీయాలి. వైర్ కొన పిక్క కండరంలోకి దూరి రక్తం కారితే, ఎక్కువగా దానంతట అదే ఆగుతుంది, కానీ పిక్క బిగుసుకుపోయి పాదం పైకెత్తలేకపోతే అది కండరాల అరలో ఒత్తిడి పెరిగినట్టు. గంటల్లో కోసి వదులు చేయకపోతే కండరం చచ్చిపోతుంది. ఇలియాక్ చిట్లితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. చిట్లిన చోటే బెలూన్ మళ్లీ ఉబ్బించి రక్తం ఆపి, దాని వెనకే తొడుగు ఉన్న స్టెంట్ వేయాలి. అందుకే ఆ తొడుగు స్టెంట్ గదిలో ఉందో లేదో మొదటి సూదికి ముందే చూసుకోవాలి. హెపారిన్ ప్రభావం తీసేయడానికి ప్రతి 100 యూనిట్లకు 1 మిల్లీగ్రాము ప్రొటమిన్.

కిడ్నీల సంగతి మరవకూడదు. ఈ రోగుల్లో సగం యుద్ధం వాటితోనే. మొత్తం డై మిల్లీలీటర్లు, కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ సంఖ్యకు మూడు రెట్లు దాటకుండా చూసుకోవడం మంచి హద్దు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరపు తెర) కింది భాగంలో కార్బన్ డయాక్సైడ్ వాయువునే డైలా వాడవచ్చు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో కిడ్నీ పనితీరు తక్కువగా ఉంటే ఆ మాత్ర ఆపి, 48 గంటల తర్వాత రక్త పరీక్ష చూసి మళ్లీ మొదలుపెట్టాలి.

తెరిచిన నాళం మళ్లీ సన్నబడటమే ఈ వైద్యానికి ఉన్న అసలు బలహీనత. గాయం చేశాం కాబట్టి శరీరం దాన్ని మాన్పుతుంది. ఆ మానడంలో కండర కణాలు పెరిగి, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే దారి మళ్లీ ఇరుకవుతుంది. ఈ పెరుగుదలను అణచడానికే పాక్లిటాక్సెల్ అనే మందు పూసిన బెలూన్లు. తొడలో వీటితో నాళం ఎక్కువకాలం తెరిచి ఉంటుంది. కానీ మందు బెలూన్ పూడికను తెరిచే పనిముట్టు కాదు, మందు మోసే పనిముట్టు. ముందు మామూలు బెలూన్‌తో పూర్తిగా తెరిచి, తెరిచిన ప్రతి సెంటీమీటరునూ కప్పేంత పొడవు తీసుకుని, పూతను వేలితో తాకకుండా, ఆగకుండా తీసుకెళ్లి, ఒక్కసారే 2 నుంచి 3 నిమిషాలు ఉబ్బించాలి. రక్తంలో తిరుగుతున్నంతసేపూ మందు కొట్టుకుపోతూనే ఉంటుంది. 2018 చివర్లో ఈ మందు వల్ల మరణాలు పెరుగుతున్నాయన్న విశ్లేషణ ఒకటి వచ్చి పెద్ద అలజడి రేగింది. ఎక్కువకాలపు సమాచారం చూశాక, ఆ ముప్పుకు ఆధారం లేదని 2023 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది. మోకాలి కింద మాత్రం మందు బెలూన్ల ఫలితాలు ఇంత నిలకడగా లేవు. అక్కడ వాడే, నెమ్మదిగా కరిగిపోయే, ఎవరోలిమస్ అనే మందున్న స్టెంట్‌కు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది.

బైపాసా, బెలూనా అని అడిగేవారికి ఒక్క మాటలో సమాధానం లేదు. కాలు పోయే ప్రమాదం ఉన్నవారిలో, బైపాస్‌కు వాడే సఫీనస్ సిర కాలిలో మంచిది ఉంటే బైపాసే మేలని 2022లో బెస్ట్-సీఎల్ఐ అధ్యయనం చూపింది. మోకాలి కింది జబ్బులో మొదట బెలూన్ దారి పట్టినవారే కాలితో సహా ఎక్కువమంది బతికారని 2023లో బేసిల్-2 అధ్యయనం చూపింది. కాబట్టి సిరను అల్ట్రాసౌండ్‌తో కొలవకుండా ఏదో ఒకటి తేల్చేయడం సరికాదు.

పని అయ్యాక ఏసీటీ 180 కంటే దిగాక షీత్ తీసి 15 నుంచి 20 నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, లేదా మూసే పరికరం వాడాలి. ఆ తర్వాత కొన్ని గంటలు కాలు మడవకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొంతకాలం క్లోపిడోగ్రెల్ తోడుగా ఇవ్వడం ఎక్కువగా ఉన్న అలవాటు. రక్తస్రావం భయం తక్కువ ఉన్నవారికి ఆస్పిరిన్‌తో పాటు రివరోక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే కాలి గండాలు తగ్గుతాయని 2020లో వాయేజర్ ప్యాడ్ అధ్యయనం చూపింది. మాత్రలు తనంతట తాను ఆపేయడం, మళ్లీ సిగరెట్ ముట్టించడం, ఈ రెండూ తెరిచిన నాళాన్ని ఎంత త్వరగా మూసేస్తాయో రోగికి సూటిగా చెప్పాలి. నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి రక్తవేగం కొలిచే డాప్లర్ పరీక్ష చూడాలి. తెరిచిన చోట రక్తవేగం దాని పైభాగంతో పోలిస్తే 2.4 రెట్లు దాటితే సగానికి పైగా ఇరుకు మళ్లీ వచ్చినట్టు.

ఇంటికి వెళ్లాక కాలు హఠాత్తుగా చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కి వేళ్లు కదలకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. రక్తం అందని కండరం ఓర్చుకునేది దాదాపు 6 గంటలు. గజ్జలో వాపు పెరిగినా, నడుములో నొప్పితో కళ్లు తిరిగినా అంతే. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకెళ్లండి. ఏ ధమనిలో, ఎంత బెలూన్ వేశారు, స్టెంట్ పెట్టారా, ఏ గజ్జలోంచి వెళ్లారు అన్న నాలుగు వివరాలూ అందులో లేకపోతే ఇంటికి బయల్దేరే ముందే అడిగి రాయించుకోండి.